హెవీవెయిట్ కుర్రాడికి ఏ దారి మంచిది: ఉద్యోగం పట్టుకుని అమెచ్యూర్‌గా ఆడటమా, ప్రొఫెషనల్ కావడమా?

ఇంట్లో తొంభై కిలోలు దాటిన కుర్రాడు ఉండి, స్టేట్ మీట్‌లో ఇద్దరిని నాకౌట్ చేశాడంటే చాలు. చెన్నైలో రాయపురంలోనైనా, వ్యాసర్పాడిలోనైనా, కొరుక్కుపేటలోనైనా చుట్టుపక్కలవాళ్ళు ఒకటే మాట అంటారు: "వీణ్ణి ప్రొఫెషనల్‌లోకి దించేయండి, ఎక్కడికో వెళ్ళిపోతాడు." అమ్మానాన్నలకు ఉద్యోగం గురించి టెన్షన్, కుర్రాడికి బెల్ట్ మీద ఆశ, కోచ్‌కి శిష్యుడి మీద మమకారం. ముగ్గురూ మంచే కోరతారు. కానీ ఎవరు చూసే వైపు వాళ్ళు చూస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర హెవీవెయిట్లలో ఎక్కువ మందికి సరైన దారి స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, దానితో పాటు అమెచ్యూర్ బాక్సింగ్. ప్రొఫెషనల్ దారి కొద్దిమందికే పనికొస్తుంది. వాళ్ళకైనా, రోజూ తమంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళతో స్పారింగ్ (రింగ్‌లో సాధన పోటీ) దొరికే చోటికి వెళ్ళగలిగితేనే. చెన్నైలో అసలు కొరత అక్కడే ఉంది. ఈ ఊరికి బాక్సింగ్ కొత్తేమీ కాదు. సార్పట్టా, ఇడియప్ప నాయకర్ పరంబరైల (పాతకాలపు బాక్సింగ్ వర్గాల) పేర్లు ఉత్తర చెన్నైలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. 1980లో ముహమ్మద్ అలీ వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడితే ఊరంతా కదిలింది. కానీ ఇక్కడి జిమ్ములు తయారుచేసినవాళ్ళలో ఎక్కువమంది చిన్న, మధ్య బరువుల వాళ్ళు. చెన్నై బాక్సర్ దేవరాజన్ 1994లో బ్యాంకాక్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచింది బాంటమ్‌వెయిట్ అనే చిన్న బరువు విభాగంలో. వంద కిలోల కుర్రాడికి అదే జిమ్‌లో అరవై, డెబ్భై కిలోల వాళ్ళే తోడుగా దొరుకుతారు. వాళ్ళతో స్పారింగ్ చేసేటప్పుడు వాడు బలమంతా పెట్టి కొట్టకూడదు, వాళ్ళు కొడితే వీడికి నిజంగా తగలదు. అలా నాలుగేళ్ళు గడిచినా, హెవీవెయిట్ దెబ్బ తింటే ఎలా ఉంటుందో ఆ కుర్రాడికి తెలియదు.

రెండూ బాక్సింగే, ఆట మాత్రం వేరు

అమెచ్యూర్‌లో మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. మొత్తం తొమ్మిది నిమిషాల్లో తేలిపోవాలి. ప్రొఫెషనల్‌లో మొదట నాలుగు రౌండ్లతో మొదలై ఆరు, ఎనిమిది, పది అంటూ పెరిగి, ప్రపంచ టైటిల్ పోటీ అయితే పన్నెండు రౌండ్లు, అంటే ముప్ఫై ఆరు నిమిషాలు. అమెచ్యూర్‌లో పెద్ద బరువుల వాళ్ళకి 12 ఔన్సుల గ్లవ్స్, ప్రొఫెషనల్‌లో 10 ఔన్సులు. పెద్దల అమెచ్యూర్ పోటీల్లో మగవాళ్ళకి 2013లోనే హెడ్‌గార్డ్ తీసేశారు కాబట్టి ఆ తేడా ఇప్పుడు లేదు. కానీ అమెచ్యూర్ రెఫరీ, కాళ్ళ మీద నిలబడే ఉన్న బాక్సర్‌కి కూడా ఎనిమిది దాకా లెక్కపెట్టి కాస్త ఊపిరి తీసుకునే వీలిస్తాడు. ప్రొఫెషనల్‌లో చాలాచోట్ల ఆ వెసులుబాటు ఉండదు. దిమ్మ తిరిగినవాడు దిమ్మ తిరిగిన స్థితిలోనే తన్ను తాను కాపాడుకోవాలి.

బరువుల సంగతి ఇంకా ముఖ్యం, చాలామంది దీన్ని పట్టించుకోరు. అమెచ్యూర్ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ బాక్సింగ్ లెక్కలో మగవాళ్ళకి 90 కిలోలు ఒక విభాగం, 90 దాటితే మరొకటి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కూడా ఈ రెండూ ఉన్నాయి. ప్రొఫెషనల్‌లో 200 పౌండ్లు, అంటే 90.7 కిలోలు దాటితే హెవీవెయిట్. దానికి కింద 79.4 కిలోల దాకా క్రూజర్‌వెయిట్. ప్రొఫెషనల్ టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ 2020లో ఈ రెంటికీ మధ్య బ్రిడ్జర్‌వెయిట్ అని ఇంకోటి పెట్టింది, దాని పైహద్దు 224 పౌండ్లు. హెవీవెయిట్‌కి మాత్రం పైహద్దంటూ లేదు. 94 కిలోల మీ అబ్బాయి ఎదుట 120 కిలోల మనిషి నిలబడవచ్చు, అది పూర్తిగా నిబంధనల ప్రకారమే. కాబట్టి 92, 94 కిలోల మధ్య ఉన్నవాణ్ణి హెవీవెయిట్ అనే పేరు మీద మోజుతో పైకి తోసేముందు, కాస్త కొవ్వు తగ్గించి క్రూజర్‌వెయిట్‌లో ఆడించవచ్చా అని ఆలోచించాలి.

పతకం ఎంతవరకు చెబుతుంది?

ఒలింపిక్స్‌లో అన్నిటికన్నా పై బరువు విభాగమైన సూపర్ హెవీవెయిట్ స్వర్ణ విజేతల జాబితా చూస్తే ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుంది. 1988లో లెన్నాక్స్ లూయిస్, 1996లో వ్లాదిమిర్ క్లిచ్‌కో, 2012లో ఆంథొనీ జాషువా గెలిచారు. ముగ్గురూ ప్రొఫెషనల్ ప్రపంచ చాంపియన్లయ్యారు. వీళ్ళ పేర్లు మాత్రమే చెప్పి ఒలింపిక్ స్వర్ణం ఉంటే చాలనేవాళ్ళున్నారు. అదే జాబితాలో 2000లో స్వర్ణం గెలిచిన ఆడ్లీ హారిసన్ ఉన్నాడు. బ్రిటన్ అంతా ఎంతో ఆశ పెట్టుకున్న మనిషి. 2005లో డానీ విలియమ్స్ చేతిలో ఓడాడు, 2010లో డేవిడ్ హేతో ప్రపంచ టైటిల్ పోటీ దొరికితే మూడో రౌండ్‌లోనే ఓడిపోయాడు. 2016 విజేత టోనీ యోకా 2022, 2023లో వరసగా మూడు పోటీలు ఓడిపోయాడు.

తిరగేసి చూడండి. 1984లో అమెరికా ఒలింపిక్ జట్టు ఎంపికలో మైక్ టైసన్‌ను హెన్రీ టిల్‌మన్ ఓడించాడు, ఆ తర్వాత ఒలింపిక్ హెవీవెయిట్ స్వర్ణం కూడా గెలిచాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1986 నవంబర్‌లో, ఇరవై ఏళ్ళ టైసన్ ప్రపంచ చాంపియన్. 1990లో ఇద్దరూ ప్రొఫెషనల్ రింగ్‌లో ఎదురుపడితే టైసన్ మొదటి రౌండ్‌లోనే గెలిచాడు. 2008 బీజింగ్‌కి బ్రిటన్ తరఫున డేవిడ్ ప్రైస్ వెళ్ళి కాంస్యం తెచ్చాడు, ఆ స్థానం దక్కని టైసన్ ఫ్యూరీ 2015లో క్లిచ్‌కోను ఓడించాడు. ప్రైస్ 2013లో టోనీ థాంప్సన్ చేతిలో వెంటవెంటనే రెండుసార్లు పోటీ మధ్యలోనే ఓడిపోయాడు.

పతకాన్ని తీసిపారేయమని నేను అనను. పతకం ఉన్నవాడికి దూరం అంచనా ఉంటుంది, ఒత్తిడిలో తలపడిన అనుభవం ఉంటుంది, ప్రమోటర్ (ప్రొఫెషనల్ పోటీలు ఏర్పాటుచేసే వ్యాపారి) తలుపు త్వరగా తెరుచుకుంటుంది. కానీ దెబ్బ తిన్నాక ఏం చేస్తాడు, ఏడో రౌండ్‌లో చేతులు ఎక్కడుంటాయి, ఏడాదంతా క్రమశిక్షణతో ఉంటాడా అన్న మూడు సంగతులూ పతకం చెప్పదు. హెవీవెయిట్‌లో చివరికి తేల్చేవి ఇవే, ఎందుకంటే ఈ బరువులో ఒక్క దెబ్బకి పోటీ తిరగబడుతుంది. 2019 జూన్‌లో జాషువా, ఆండీ రూయిజ్‌ను మూడో రౌండ్‌లో పడగొట్టాడు. అదే రౌండ్‌లో తనే రెండుసార్లు పడ్డాడు, ఏడో రౌండ్‌లో ఓడిపోయాడు. ఒడ్డూ పొడుగూ, ఒలింపిక్ స్వర్ణం, శరీర సౌష్ఠవం, అన్నీ జాషువా పక్షానే ఉన్నాయి.

జిమ్‌లో ఏం చూడాలి

బ్యాగ్ మీద కొట్టే చప్పుడు చూసి ఎవరూ నిర్ణయం తీసుకోవద్దు. ప్యాడ్స్ వీడియోలు చూసి అసలే వద్దు. కోచ్‌ని అడిగి ఆరు రౌండ్ల స్పారింగ్ పెట్టించండి. రెండు రౌండ్లకొకసారి ఎదుటివాణ్ణి మార్చాలి, మీ అబ్బాయి మాత్రం రింగ్‌లోనే ఉండాలి. మొదటి మూడు రౌండ్లు చూడకపోయినా నష్టం లేదు. నాలుగో రౌండ్ నుంచి కళ్ళు తిప్పకుండా చూడండి.

మొదట చూడాల్సింది జ్యాబ్, అంటే ముందు చేత్తో నేరుగా కొట్టే దెబ్బ. ఎడమ చేయి వెళ్ళినంత వేగంగా గడ్డం దగ్గరికి తిరిగి వస్తోందా, లేక నడుము దాకా జారి అక్కడి నుంచి పైకి వస్తోందా? అలసిన హెవీవెయిట్ జ్యాబ్ కిందకి జారితే, దాని మీదుగా వచ్చే కుడిచేతి దెబ్బే అతని కెరీర్‌ని ముగిస్తుంది. రెండోది కాళ్ళు. మూడు రౌండ్ల ఆటకి అలవాటుపడ్డవాడు నాలుగో రౌండ్‌లో కాళ్ళు కదపడం మానేసి ముందుకు ఒరిగి పంచ్‌లు విసురుతాడు. కాళ్ళు వెనకాలే ఉండిపోయి ఒళ్ళు ముందుకి వచ్చిందంటే, కింద నుంచి గడ్డానికి వచ్చే అప్పర్‌కట్‌కి తలుపు తెరిచిపెట్టినట్టే.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గట్టి దెబ్బ ఒకటి శుభ్రంగా తగిలిన తర్వాత అయిదు సెకన్లు. కోపంతో వెంటనే గుడ్డిగా చేతులు విసిరేవాడున్నాడు. తల తిప్పుకుని వెనక్కి నేరుగా నడిచేవాడున్నాడు. ఎదుటివాణ్ణి క్లించ్‌లో పట్టుకుని, బరువు వాడి మీద వేసి, రెఫరీ విడదీసేదాకా ఊపిరి తీసుకుని మళ్ళీ జ్యాబ్‌తో మొదలుపెట్టేవాడున్నాడు. ప్రొఫెషనల్ ఆట ఆ మూడోవాడిది. అమెచ్యూర్ జిమ్ములో క్లించ్ నేర్పరు, అది పాయింట్లు తెచ్చే విద్య కాదు కాబట్టి. అందుకని మీవాడికి అది రాకపోతే నిరాశ పడక్కర్లేదు, నేర్పించి ఆరు నెలల తర్వాత మళ్ళీ చూడండి. కానీ కోపంలో గుడ్డిగా విసిరే అలవాటు ఇరవై అయిదేళ్ళకి కూడా పోకపోతే అది స్వభావమని అర్థం చేసుకోవాలి.

ఓడిన పోటీల లెక్క కూడా తీయండి. గెలిచినవి అందరికీ గుర్తుంటాయి. ఎవరి చేతిలో, ఎలా ఓడాడు? పాయింట్లమీదా, కౌంట్లు తినా? అదే మనిషితో రెండోసారి తలపడ్డాడా, అప్పుడు ఏమైనా మార్చుకున్నాడా? ఒకే ఎడమచేతి వాటం బాక్సర్ చేతిలో రెండుసార్లు ఒకేలా ఓడినవాడి గురించి నేను భయపడతాను. రెండోసారి ఓడినా వేరేలా ఓడినవాడి మీద నాకు నమ్మకం ఉంటుంది.

తర్వాత బరువు. హెవీవెయిట్‌కి బరువు తగ్గించుకునే బాధ లేదు, అదే అతనికి శాపం కూడా. పోటీ లేని మూడు నెలల్లో ఏడెనిమిది కిలోలు పెరిగి, క్యాంప్ (పోటీకి ముందు సాగే శిక్షణ) మొదలయ్యాక దింపుకునే కుర్రాడు తన క్యాంపులో సగం ఫిట్‌నెస్‌కే ఖర్చుపెడతాడు, విద్య నేర్చుకోవడానికి టైం మిగలదు. నెలకోసారి బరువు రాసిపెట్టండి. పండగలు, పెళ్ళిళ్ళు అన్నీ కలిపి ఏడాది పాటు ఆ కాగితం చూస్తే అతని వృత్తి భవిష్యత్తు గురించి చాలా తెలుస్తుంది.

ఎత్తు గురించి అందరూ అడుగుతారు. ఫ్యూరీ 206 సెంటీమీటర్లు, జాషువా 198. ఇద్దరినీ ఓడించిన ఒలెక్సాండర్ ఉసిక్ 191. టైసన్ 178కి మించడు. ఎత్తు సాయం చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ పొట్టివాడైతే తల కదలిక, కాళ్ళ వేగం రెండూ అసాధారణంగా ఉండాలి. మామూలుగా ఉంటే సరిపోదు.

వయసు విషయంలో హెవీవెయిట్‌కి కాస్త వెసులుబాటు ఉంది. జాషువా పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో గ్లవ్స్ తొడిగి 2012లో ఒలింపిక్ స్వర్ణం, 2016లో ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. డియాంటే వైల్డర్ దాదాపు ఇరవై ఏళ్ళకి మొదలుపెట్టి 2008లో ఒలింపిక్ కాంస్యం తెచ్చాడు. చైనా బాక్సర్ జాంగ్ జిలేయ్ 2008లో రజతం గెలిచి, ముప్ఫై దాటాక 2014లో ప్రొఫెషనల్ అయ్యాడు. కాబట్టి ఇరవై రెండేళ్ళకే ఆలస్యమైపోతోందని ఎవరైనా తొందరపెడితే లొంగకండి.

దారులు మూడు, వాటి లాభనష్టాలు

మొదటిది ఉద్యోగం, అమెచ్యూర్. మన దేశపు గొప్ప హెవీవెయిట్లలో చాలామంది ఫౌజు నుంచి వచ్చినవాళ్ళు. 1966, 1970 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచిన హవా సింగ్ సైనికుడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, అంతకు ముందే 1980లో అలీతో ప్రదర్శన పోటీ ఆడిన కౌర్ సింగ్ సైనికుడు. ఒలింపిక్స్ సూపర్ హెవీవెయిట్‌లో బరిలోకి దిగిన మొదటి భారతీయుడు సతీష్ కుమార్ కూడా సైన్యంలోనే పైకొచ్చాడు. టోక్యోలో ముఖం మీద కుట్లతో క్వార్టర్ ఫైనల్‌కి దిగి ఉజ్బెకిస్తాన్ బాక్సర్ జలొలోవ్ చేతిలో ఓడాడు. ఇదంతా ఒక పద్ధతి నుంచి వచ్చింది: తిండి, జీతం, డాక్టర్, అన్నిటికన్నా మించి తమ బరువు వాళ్ళు పదిమంది ఒకేచోట. పుణెలో ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్, పటియాలాలో జాతీయ శిబిరం, రోహ్‌తక్‌లో సాయ్ బాక్సింగ్ అకాడమీ ఇందుకే ముఖ్యం. మన దగ్గరగా చూస్తే బళ్ళారి వైపు విజయనగర్‌లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. చెన్నై కుర్రాడికైతే సదరన్ రైల్వే, ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు, తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకున్న 3 శాతం రిజర్వేషన్ చూసుకోవాలి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ కోటాలు చూసేది గుర్తింపు పొందిన ఫెడరేషన్ పోటీల్లో పతకాలను. ప్రొఫెషనల్ బెల్ట్ ఎంత మెరిసినా అక్కడ లెక్కకి రాదు. అందుకే వరుసక్రమం ముఖ్యం, ముందు ఆ సర్టిఫికెట్లు చేతికి రావాలి.

ఈ దారిలో లోటు లేదనను. జాతీయ శిబిరంలో సీటు ఒక్కో బరువుకి కొద్దిమందికే, ఎంపికలో నిరాశ ఎదురవుతుంది, పేరు పెద్దగా రాదు. అయినా గౌరవంగా బతకవచ్చు. ఇటలీ బాక్సర్ రొబెర్తో కమ్మరెల్లే 2008లో సూపర్ హెవీ స్వర్ణం గెలిచాడు, 2012 ఫైనల్లో జాషువాతో 18-18తో సమానంగా నిలిచి, జడ్జీల పాయింట్లను తిరిగి లెక్కించే కౌంట్‌బ్యాక్‌లో ఓడాడు. పోలీసు క్రీడా విభాగంలో ఉండి, ప్రొఫెషనల్ కాకుండానే ఆట ముగించాడు. అతన్ని ఎవరూ చిన్న బాక్సర్ అనరు.

రెండోది మన దేశంలోనే ప్రొఫెషనల్ కావడం. చిన్న బరువుల్లో ఇది కొంత నడుస్తుంది, ఎదురాడేవాళ్ళు దొరుకుతారు కాబట్టి. హెవీవెయిట్‌లో ప్రత్యర్థులే తక్కువ. అప్పుడు జరిగేది ఏమిటంటే, శిక్షణ లేని భారీకాయుణ్ణి ఎవర్నో పట్టుకొచ్చి రింగ్ ఎక్కిస్తారు, మీవాడు ఒకటో రౌండ్‌లో గెలుస్తాడు, 5-0 అని పోస్టర్ వేస్తారు. ఆ అయిదు గెలుపుల్లో వాడు నేర్చుకున్నది ఏమీ ఉండదు. బయటి ప్రమోటర్ ఆ రికార్డు చూస్తే, ఓడినవాళ్ళ రికార్డులు కూడా చూస్తాడు, బాక్స్‌రెక్ సైట్‌లో అన్నీ కనిపిస్తాయి. హెవీవెయిట్‌కి ఈ దారిని నేను సిఫార్సు చెయ్యను. ఉద్యోగం వదులుకుని అయితే అసలే వద్దు.

మూడోది విదేశానికి వెళ్ళడం. విజేందర్ సింగ్ 2015లో బ్రిటన్ ప్రమోటర్ సంస్థ క్వీన్స్‌బెర్రీ ప్రమోషన్స్‌తో సంతకం చేసి మాంచెస్టర్‌లో శిక్షణ తీసుకున్నాడు, 2016లో డబ్ల్యూబీఓ ఏషియా పసిఫిక్ సూపర్ మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. నిశాంత్ దేవ్ మ్యాచ్‌రూమ్ అనే మరో ప్రమోటర్ సంస్థతో కలిసి 2025 జనవరిలో లాస్ వేగాస్‌లో మొదటి పోటీ ఆడాడు. ఇద్దరూ ప్రపంచ స్థాయి అమెచ్యూర్ పతకాలతో, తమ వెనక ప్రమోటర్ నిలబడ్డ స్థితిలో వెళ్ళారు. ఇద్దరూ హెవీవెయిట్లు కారు.

ఇక్కడ కుటుంబాలకి ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఒకటుంది. ప్రొఫెషనల్ బాక్సింగ్ షోలో ప్రతి పోటీలోనూ సాధారణంగా ఒకడు ప్రమోటర్ మనిషి, ఇంకొకడు అతని ఎదుట నిలబెట్టడానికి తెచ్చిన మనిషి. ప్రమోటర్ మనిషికి ప్రత్యర్థిని ఏరికోరి తెస్తారు, తేదీ ముందే తెలుస్తుంది, పూర్తి క్యాంప్ ఉంటుంది. తెచ్చిన మనిషికి రెండు వారాల ముందు ఫోన్ వస్తుంది. టికెట్, హోటల్, ఒక పర్స్ (పోటీ ఆడినందుకు ఇచ్చే డబ్బు). గెలవాలని అతన్ని ఎవరూ పిలవరు. గట్టిగా, పెద్దగా ఉండి, పేరు తెలియని దేశం నుంచి వచ్చిన హెవీవెయిట్‌కి ఇలాంటి పిలుపులు సులువుగా వస్తాయి. ఇంట్లో వాళ్ళు దుబాయ్, లండన్ అని సంబరపడతారు. అలా నాలుగుసార్లు వెళ్ళొచ్చిన కుర్రాడి రికార్డు చెడిపోతుంది, దానికన్నా ముందు తల దెబ్బతింటుంది. ఏ పిలుపు వచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ షోలో మావాడు ఎవరి మనిషి?

ఈ మూడింటి మధ్య ఇంకో సందు కూడా ఉంది. ఉజ్బెకిస్తాన్ బాక్సర్ బఖొదిర్ జలొలోవ్ 2018లో ప్రొఫెషనల్ అయ్యాడు, అయినా అమెచ్యూర్ వదల్లేదు. టోక్యోలో, పారిస్‌లో వరసగా సూపర్ హెవీ స్వర్ణాలు గెలిచాడు. మన వికాస్ కృషన్ కూడా 2019లో ప్రొఫెషనల్ పోటీలు ఆడి, తిరిగొచ్చి టోక్యో ఒలింపిక్స్ ఆడాడు. ప్రొఫెషనల్ అయితే ఒలింపిక్ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుందన్నది ఇప్పుడు నిజం కాదు. కానీ జలొలోవ్ వెనక అతని దేశం మొత్తం నిలబడింది. మన దగ్గర ఉద్యోగంలో ఉన్నవాడు ప్రొఫెషనల్ పోటీకి దిగాలంటే శాఖ నుంచి రాతపూర్వక అనుమతి ముందు తెచ్చుకోవాలి. విజేందర్ ప్రొఫెషనల్ అయినప్పుడు హర్యానా పోలీసు ఉద్యోగం చుట్టూ ఇదే ప్రశ్న లేచింది.

ఏ కుర్రాడికి ఏది?

పందొమ్మిదేళ్ళవాడు, 195 సెంటీమీటర్లు, 105 కిలోలు, రాష్ట్ర స్థాయి పతకాలు, జ్యాబ్ బాగుంది, పోటీలు మాత్రం తక్కువ. ఇలాంటివాణ్ణి ఇంకో మూడు నాలుగేళ్ళు అమెచ్యూర్‌లోనే ఉంచండి. సైన్యంలో, రైల్వేలో చేరే ప్రయత్నం చేయించండి. పెద్ద శిబిరంలో తన సైజువాళ్ళ మధ్య రెండేళ్ళు గడిపాక అతని అసలు స్థాయి తెలుస్తుంది. ఇక్కడ చెప్పబోయే నలుగురిలో ప్రపంచ స్థాయికి వెళ్ళగలిగేవాడు వీడే కావచ్చు, అందుకే వీడి విషయంలో తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇరవై మూడేళ్ళవాడు, 93 కిలోలు, వేగం ఉంది, జాతీయ పోటీల్లో పతకం ఉంది. వీణ్ణి 90 కిలోల విభాగానికి దించండి. ఉసిక్ 2012లో 91 కిలోల విభాగంలో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, అయిదు రౌండ్ల వరల్డ్ సిరీస్ ఆఫ్ బాక్సింగ్‌లో ఆడి, తర్వాత ప్రొఫెషనల్ క్రూజర్‌వెయిట్‌లో 2018లో నాలుగు ప్రధాన సంస్థల చాంపియన్ బెల్టులూ కూడగట్టాడు. హెవీవెయిట్‌కి ఆ తర్వాతే వెళ్ళాడు, 2024 మేలో ఫ్యూరీని ఓడించి అక్కడా తిరుగులేని చాంపియన్ అయ్యాడు. ఉద్యోగం చేతిలో ఉండి, విదేశంలో నిజమైన క్యాంప్ దొరికితే ఈ కుర్రాడి విషయంలో ప్రొఫెషనల్ ప్రయత్నానికి నేను సరే అంటాను.

ఇరవై ఒక్కేళ్ళవాడు, చేయి పడితే ఎదుటివాడు లేవడు, కానీ రెండో రౌండ్ దాటితే ఆయాసం. అందరూ మోజుపడేది వీడి మీదే. వీడికి ప్రొఫెషనల్ దారి ఇప్పుడు వద్దు. ఆరు రౌండ్ల స్పారింగ్ తట్టుకునేదాకా ఆ మాటే ఎత్తొద్దు. గుద్దులో బలం పుట్టుకతో వస్తుంది, ఊపిరి మాత్రం పనితో వస్తుంది. ఆ పని చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడో లేదో ఏడాదిలో తెలిసిపోతుంది.

కబడ్డీ నుంచో, షాట్‌పుట్ నుంచో ఇరవై నాలుగేళ్ళకి బాక్సింగ్‌లోకి వచ్చిన బలమైన మనిషి. వైల్డర్, జాషువా ఆలస్యంగా మొదలుపెట్టారు కదా అంటారు. వాళ్ళ చుట్టూ ప్రపంచంలోనే మంచి జాతీయ జట్లున్నాయి. వీడికి ఇరవై ముప్ఫై అమెచ్యూర్ పోటీలు దొరక్కుండా ప్రొఫెషనల్ రింగ్ ఎక్కించడం ప్రమాదం. ఆడనివ్వండి, ఆరోగ్యానికీ ధైర్యానికీ మంచిదే, కానీ ఇంటి ఆదాయం దీని మీద పెట్టుకోవద్దు.

సంతకం పెట్టేముందు

కాంట్రాక్టులో ఏళ్ళెన్ని, ఏడాదికి కనీసం ఎన్ని పోటీలు ఇస్తామని రాశారు, ఇవ్వకపోతే బయటికొచ్చే హక్కు ఉందా అన్నవి ముందు చూడండి. గాయమైతే ఆ నెలలు కాంట్రాక్టుకి కలిపి పొడిగిస్తారా? స్కాన్లు, వీసా, టికెట్లు, స్పారింగ్ పార్ట్‌నర్ల ఖర్చు ఎవరిది? పర్స్‌లో ట్రైనర్ వాటా సాధారణంగా పది శాతం. మేనేజర్ వాటా అమెరికాలో మూడో వంతు దాకా వెళ్ళవచ్చు. ఇవన్నీ తీసేశాక చేతికొచ్చేది ఎంతో అంకెల్లో రాయించుకోండి. మేనేజర్, ప్రమోటర్ ఒకరే అయితే మీ అబ్బాయి తరఫున బేరం ఆడేవాడు ఎవరూ లేడని అర్థం, అక్కడ ఆగండి. బాక్సింగ్ తెలియకపోయినా ఫర్వాలేదు, కాంట్రాక్టులు చదవడం తెలిసిన లాయర్‌కి ఒకసారి చూపించండి. ఇంగ్లీషులో ఉందని సిగ్గుపడి తలూపి సంతకం పెట్టొద్దు.

మొదటి ప్రొఫెషనల్ పోటీకి ముందే మెదడు ఎంఆర్ఐ, కంటి రెటీనా పరీక్ష చేయించి, ఫిల్ములు, రిపోర్టులు ఇంట్లో దాచండి. బ్రిటన్‌లో లైసెన్స్ కావాలంటే ఏటా ఎంఆర్ఐ తప్పనిసరి. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు కూడా ఉంటాయి. మీ దగ్గర మొదటి స్కాన్ ఉంటేనే, మూడేళ్ళ తర్వాతి స్కాన్‌తో పోల్చి డాక్టర్ ఏదైనా చెప్పగలరు. నాకౌట్ అయితే కనీసం నెల రోజులు స్పారింగ్ కూడా వద్దు, తలనొప్పి, నిద్రలేమి, మాట తడబడటం ఉంటే న్యూరాలజిస్ట్ సరే అనేదాకా వద్దు. ఈ ఒక్క విషయంలో కోచ్ మాటకన్నా, ప్రమోటర్ మాటకన్నా, కుర్రాడి పట్టుదలకన్నా ఇంట్లోవాళ్ళ మాట పైన ఉండాలని సంతకానికి ముందే అందరూ కూర్చుని ఒప్పుకోండి.